కోకో పొడి, నెయ్యి, పంచదారతో చేసిన చాక్లెట్ ఇసుకలా ఎందుకు వస్తుంది? ఓవెన్ లేకుండా ఇంట్లో ఎలా చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంట్లో ఓవెన్ లేదు. కోకో పొడి, పంచదార పొడి, నెయ్యి కలిపి కరిగించి, అచ్చుల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టారు. గట్టిపడింది. కానీ నోట్లో వేసుకుంటే ఇసుకలా తగిలింది, పళ్లెంలో పెట్టి బయట ఉంచిన పావుగంటకే ముద్దయిపోయింది. వచ్చే నెల పాప పుట్టినరోజుకు నలభై మంది పిల్లలకు పంచాలనుకుంటున్నారు. పొరపాటు ఎక్కడ జరిగింది, ఏం చేయాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. మీ చేతిలో పొరపాటేమీ లేదండీ, ఆ పద్ధతిలో ఎవరు చేసినా అలాగే వస్తుంది. కోకో పొడి నుంచి చాక్లెట్ తయారు చేయాలని చూడకండి. తయారైన చాక్లెట్ దిమ్మ కొని, కరిగించి, మీకు కావలసినట్టు మార్చుకోండి. కోకో పొడితోనే చేయాలని పట్టుదల ఉంటే పాలు లేదా పాకం ఉన్న మిఠాయి చేయండి, అది మరో దారి. రెండూ కింద రాస్తున్నాను. రెండింటికీ ఓవెన్ అక్కర్లేదు.

నేను పన్నెండేళ్లుగా కాకినాడలో ఇంటి దగ్గరే చాక్లెట్లు చేస్తున్నాను. దీపావళికి, పెళ్లిళ్లకు ఆర్డర్లు వస్తాయి. వేసవి సెలవుల్లో నేర్చుకోవడానికి కొందరు వస్తారు. వాళ్లలో సగం మంది మొదటి రోజు వేసే ప్రశ్న ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఇసుకలా ఎందుకు వచ్చింది?

పంచదార నీళ్లలో కరుగుతుంది, నెయ్యిలో కరగదు. కారణం అంతే. మీరు ఎంతసేపు కలిపినా ఆ పలుకులు నెయ్యిలో మునిగి ఉంటాయి తప్ప కరిగిపోవు. మిక్సీలో ఎంత మెత్తగా తిప్పినా నాలుకకు తెలిసిపోతుంది. మన నాలుక దాదాపు 30 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పలుకును కూడా పట్టేస్తుంది. అందుకే ఫ్యాక్టరీల్లో ఉక్కు రోలర్ల మధ్య నలిపి 20 మైక్రాన్ల దగ్గరికి తెస్తారు. ఆ తర్వాత గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి, వెచ్చగా ఉంచి మర్దిస్తారు. 1879లో స్విట్జర్లాండ్‌లో రొడాల్ఫ్ లింట్ ఈ మర్దించే యంత్రాన్ని కనిపెట్టేదాకా ప్రపంచంలో చాక్లెట్ అంతా కొంచెం గరుకుగానే ఉండేది. మీరు చేసినది ఆ కాలపు చాక్లెట్‌కు దగ్గరి చుట్టం అనుకోండి.

నేనూ ఈ సరదా తీర్చుకున్నాను. గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల్లో, ఏలూరు వైపు ఆయిల్‌పామ్ నీడన కోకో వేస్తారని మీకు తెలిసే ఉంటుంది. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. మా పెదనాన్నగారి తోట నుంచి ఒకసారి పులియబెట్టి ఎండబెట్టిన గింజలు రెండు కిలోలు వచ్చాయి. మూకుట్లో వేయించి, వేరుశెనగలకు తీసినట్టే పొట్టు చెరిగి మిక్సీలో వేశాను. పది నిమిషాలకు పొడి కాస్తా నల్లటి చిక్కటి ముద్దగా మారింది. వాసనకు ఇల్లంతా నిండిపోయింది. పంచదార వేసి మళ్లీ తిప్పాను. ఇరవై నిమిషాలకు జారు చేయి కాలేంత వేడెక్కింది, మోటారు మాడిన వాసన మొదలైంది. ముద్ద మాత్రం ఇసుక ఇసుకగానే ఉంది. మా అత్తగారు ఒక్క ముక్క చప్పరించి, "వాసన బాగుంది" అని గిన్నె పక్కకు జరిపారు. అంతకంటే మర్యాదగా ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ మనవాళ్లు సంతోషపడాల్సిన సంగతి ఒకటుంది. ప్రపంచంలో చిన్న స్థాయిలో చాక్లెట్ చేసేవాళ్లలో చాలామంది వాడే రాతి గ్రైండరు మన ఇడ్లీ పిండి రుబ్బే బల్ల గ్రైండరు నుంచి పుట్టినదే. కోయంబత్తూరు వైపు తయారయ్యే ఈ గ్రైండర్లను ఆగకుండా ఒకటి రెండు రోజులు తిరిగేలా మార్చి అమ్ముతారు. అలాగని ఇంట్లో ఉన్న పిండి గ్రైండరులో మొదలుపెట్టకండి. అది అరగంట, ముప్పావుగంట తిరగడానికి చేసినది.

బయట పెట్టగానే ఎందుకు కరిగింది?

ఇది కొవ్వు సంగతి. నెయ్యి, వెన్న మన ఇళ్లలోని వేడికే మెత్తబడతాయి. కొందరు కొబ్బరినూనె వాడమంటారు, అది ఇంకా అన్యాయం. 24, 25 డిగ్రీలకే నీళ్లయిపోతుంది. డిసెంబరు తెల్లవారుజామున తప్ప మన ఊళ్లో అది గడ్డకట్టదు కదా. అసలు చాక్లెట్‌లో ఉండేది కోకో గింజలోని సొంత కొవ్వు, కోకో వెన్న. దాన్ని సరిగ్గా గట్టిపడేలా చేస్తే సుమారు 34 డిగ్రీల దాకా నిలబడుతుంది. మన ఒంటి వేడి 37. అందుకే చేతిలో గట్టిగా ఉన్న ముక్క నాలుక మీద పెట్టగానే జారిపోతుంది. మన వంటింట్లో ఉండే నెయ్యికీ, నూనెలకూ ఈ గుణం లేదు.

ఏ చాక్లెట్ కొనాలి?

దుకాణంలో రెండు రకాల దిమ్మలు దొరుకుతాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చదవండి. వెజిటబుల్ ఫ్యాట్, హైడ్రోజినేటెడ్ ఫ్యాట్ అని ఉంటే అది కాంపౌండ్. కోకో వెన్న, అంటే కోకో బటర్ మాత్రమే ఉంటే అసలు చాక్లెట్. దాన్నే దుకాణాల్లో కూవర్చూర్ అంటారు.

కాంపౌండ్ చవక, చెప్పిన మాట వింటుంది. కరిగించి అచ్చులో పోస్తే చాలు, మెరుస్తూ గట్టిపడుతుంది. రుచి ఒక మెట్టు తక్కువ. తిన్నాక అంగిట్లో సన్నటి మైనపు పొర అంటినట్టు ఉంటుంది. కూవర్చూర్ రుచి వేరు, కానీ దాన్ని ఊరికే కరిగించి పోస్తే మర్నాటికి బూడిద రంగు చారలు వస్తాయి. దానికి 'టెంపరింగ్' చేయాలి. కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు, వాటిలో ఐదో రకం ఒక్కటే మనకు కావలసిన మెరుపు, విరిగేటప్పుడు 'టక్' అనే చప్పుడు ఇస్తుంది. డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీలకు కరిగించి, 27, 28కి చల్లార్చి, మళ్లీ 31, 32కి తెస్తే ఆ రకం వస్తుంది. మిల్క్ చాక్లెట్ అయితే చివరి వేడి 29, 30. ఇదంతా 20, 22 డిగ్రీల గదిలో చేయాలి. ఏసీ, థర్మామీటరు రెండూ లేకపోతే ఆ జోలికి వెళ్లకండి.

మీ పుట్టినరోజుకు కాంపౌండ్ చాలు. నేను నా ఆర్డర్లలో రెండూ వాడతాను, పిల్లల వేడుకలకు మాత్రం కాంపౌండే. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లు నలభై మంది పిల్లలకు మే నెలలో చాక్లెట్లు పంచి చూడాలి.

కరిగించడం: తొంభై శాతం నష్టాలు ఇక్కడే

దిమ్మను కత్తితో శనగగింజంత ముక్కలు చేయండి. ఒక గిన్నెలో రెండు అంగుళాల నీళ్లు మరిగించి పొయ్యి ఆపేయండి. ఆపేశాకే పైన చాక్లెట్ గిన్నె పెట్టండి. పై గిన్నె అడుగు నీళ్లకు తగలకూడదు, అంచుల్లోంచి ఆవిరి పైకి రాకూడదు. అందుకని పై గిన్నె కింది దానికంటే వెడల్పుగా ఉండాలి. ముప్పాతిక వంతు కరిగాక దించి, మిగతాది కలుపుతూ ఉంటే ఆ వేడికే కరిగిపోతుంది. మైక్రోవేవ్ ఉంటే ముప్పై సెకన్లు పెట్టి తీసి కలపండి, మళ్లీ ముప్పై సెకన్లు. ముక్కలు ఆకారం చెడకుండానే లోపల కరిగి ఉంటాయి, కాబట్టి కంటికి కనిపించేదాన్ని నమ్మకుండా ప్రతిసారీ కలపాలి. తెల్ల చాక్లెట్ అయితే ఇంకా జాగ్రత్త, క్షణంలో మాడుతుంది.

ఒక్క చుక్క నీరు తగలకూడదు. కరిగిన చాక్లెట్‌లో చుక్క నీరు పడితే లోపలి పంచదార, కోకో రేణువులు ఆ తడిని పట్టుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. అంతదాకా తేనెలా జారుతున్నది ఒక్కసారిగా తడి మట్టిలా బిగుసుకుపోతుంది. నేను మొదటి ఏడాది కిలోన్నర చాక్లెట్ ఇలా పోగొట్టుకున్నాను. గరిటె పొడిగానే ఉంది. అది చెక్క గరిటె, పొద్దున కడిగినది. పైకి ఆరినట్టు ఉన్నా లోపల తడి పీల్చుకుని ఉంది. ఆ రోజు నుంచి చాక్లెట్‌కు సిలికాన్ గరిటె విడిగా పెట్టుకున్నాను, దాన్ని ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోరు.

అలా బిగుసుకుపోయినదాన్ని పారేయకండి. విచిత్రం ఏమిటంటే, చుక్క నీటికి చెడినది ఇంకా ద్రవం పోస్తే బాగుపడుతుంది. వేడి పాలో మీగడో చెంచా చెంచాగా కలుపుతూ పోతే మళ్లీ నున్నగా అవుతుంది. అది ఇక అచ్చులో గట్టిపడదు కానీ రొట్టె మీద రాసుకోవడానికి, పాలల్లో కలుపుకోవడానికి భేషుగ్గా ఉంటుంది.

ఈ కారణంగానే నీళ్లలాంటి ఫుడ్ కలర్లు చాక్లెట్‌లో వేయకూడదు. నూనెలో కలిసే రంగులో, పొడి రంగులో తీసుకోండి. యాలకుల పొడి, దాల్చిన చెక్క పొడి, సన్నగా తురిమి బాగా ఆరబెట్టిన నారింజ తొక్క నిశ్చింతగా వేసుకోవచ్చు.

మొదటిసారికి ఇది చేయండి: వేరుశెనగ ముద్దలు

అచ్చులు కూడా అక్కర్లేదు. డార్క్ కాంపౌండ్ 200 గ్రాములు, వేయించి పొట్టు తీసిన వేరుశెనగలు 150 గ్రాములు, మెత్తటి ఉప్పు చిటికెడు. గింజలు సన్నటి సెగ మీద పావుగంట వేయించి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి గింజలు వేస్తే చాక్లెట్ పలచబడి ముద్ద నిలవదు. కరిగిన చాక్లెట్‌లో గింజలు, ఉప్పు వేసి కలిపి, బటర్ పేపర్ మీద చెంచాతో కుప్పలు పెట్టండి. ఇరవై, ఇరవై రెండు వస్తాయి. ఫ్రిజ్‌లో పది నిమిషాలు చాలు. ఉప్పు మానేయకండి. పల్లీపట్టీలో బెల్లం చేసే పనిని ఇక్కడ ఉప్పు చేస్తుంది, గింజ రుచిని పైకి తెస్తుంది. డార్క్, మిల్క్ సగం సగం కలిపితే పిల్లలకు ఇంకా నచ్చుతుంది.

అచ్చుల్లో పోయాలనుకుంటే, పోశాక అచ్చును బల్ల మీద రెండు మూడుసార్లు తట్టండి, లోపలి గాలి బుడగలు పైకి వచ్చేస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టిన పది పదిహేను నిమిషాలకు అచ్చును తిరగేసి అడుగు చూడండి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ అచ్చయితే, చాక్లెట్ ఇంకా అంటుకుని ఉన్నచోట తడిసినట్టు నల్లగా కనిపిస్తుంది, వదిలినచోట మసక తెర వేసినట్టు ఉంటుంది. అడుగంతా మసకబారాక తిరగేసి తడితే గలగలా రాలిపడతాయి. తొందరపడి వేలితో నొక్కితే వేలిముద్ర మిగులుతుంది, మెరుపు పోతుంది.

కోకో పొడితోనే చేయాలంటే

పంచదార కరగాలంటే నీరు ఉండాలన్నాం కదా. కాబట్టి పాలల్లో ముందే పంచదార కరిగి ఉన్న పదార్థం, కండెన్స్‌డ్ మిల్క్ తీసుకోండి. బ్రెజిల్‌లో దీనితో చేసే 'బ్రిగదేరో' ప్రతి పుట్టినరోజుకూ ఉండాల్సిందే. 1945 అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేసిన బ్రిగేడియర్ ఎదువార్దో గోమెస్ పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. ఆయన ఓడిపోయాడు, మిఠాయి మాత్రం నిలిచింది.

కండెన్స్‌డ్ మిల్క్ ఒక డబ్బా (సుమారు 400 గ్రాములు), జల్లించిన కోకో పొడి నాలుగు పెద్ద చెంచాలు, వెన్న ఒక పెద్ద చెంచా. మందపాటి అడుగున్న గిన్నెలో మూడూ వేసి, ఉండలు లేకుండా కలిపాక పొయ్యి వెలిగించండి. సన్నటి సెగ. చేయి ఆపకూడదు, పక్కకు చూస్తే అడుగంటుతుంది. పది పన్నెండు నిమిషాలకు గరిటెతో గీత గీస్తే గిన్నె అడుగు కనిపించి, రెండు మూడు క్షణాల తర్వాతే మళ్లీ కలుస్తుంది. బూరెల పూర్ణం దగ్గరపడినట్టే ఉంటుంది, ఆ చేతివాటం ఉన్నవాళ్లకు కొలతలు కూడా అక్కర్లేదు. నెయ్యి రాసిన పళ్లెంలోకి తీసి, పూర్తిగా చల్లారాక చేతికి వెన్న రాసుకుని సున్నుండల కంటే కాస్త చిన్నగా చుట్టి, కోకో పొడిలోనో ఎండుకొబ్బరి పొడిలోనో దొర్లించండి. పాతిక దాకా వస్తాయి. ఇది నోట్లో సాగుతుంది, చాక్లెట్‌లా విరగదు. కానీ ఎండలో కరిగి కారిపోదు, అది దీని గొప్పతనం.

పాలపొడి, కోకో కలిపి ఒంటితీగ పాకంలో వేసే బర్ఫీ కూడా ఈ కోవలోనిదే. పాకం ఒక్క నిమిషం ముదిరితే పొడిపొడిగా రాలిపోతుంది, కొత్తవాళ్లకు నేను చెప్పను.

మన వాతావరణం

ఫ్రిజ్‌లోంచి తీసిన చాక్లెట్ డబ్బా మూత వెంటనే తెరవకండి. మా సముద్రపు గాలికి చల్లటి చాక్లెట్ మీద క్షణాల్లో చెమట పడుతుంది. ఆ తడిలో పైపొరలోని పంచదార కరిగి, ఆరాక తెల్లటి గరుకు మచ్చగా మిగులుతుంది. మూత పెట్టి అరగంట బయట ఉంచి, డబ్బా చల్లదనం పోయాక తెరవండి. ఒకవేళ మచ్చలు వస్తే వేలితో రుద్ది చూడండి. జిడ్డుగా ఉండి మాయమైతే అది కొవ్వు తేలడం, గరుకుగా తగిలితే పంచదార తేలడం. రెండూ బూజు కాదు, నిరభ్యంతరంగా తినవచ్చు, పంచడానికి మాత్రం బాగుండవు.

పచ్చికొబ్బరి, తాజా పండ్ల ముక్కలు లోపల పెట్టకండి. రెండో రోజుకే వాసన వస్తుంది. మీగడ కలిపి చేసే మెత్తటి ట్రఫుల్స్ ఫ్రిజ్‌లోనే ఉంచి వారంలోగా తినేయాలి, వాటిని వేసవి వేడుకకు పెట్టుకోవద్దు. బ్రిగదేరో మాత్రం ముందు రోజు చేసి ఫ్రిజ్‌లో పెట్టి, వేడుకకు ముందు తీస్తే చాలు. వేరుశెనగ ముద్దలు గాలి చొరని డబ్బాలో మూడు వారాలు హాయిగా ఉంటాయి.

ఐదేళ్ల కిందట ఒక గృహప్రవేశానికి రెండు వందల చాక్లెట్లు చేసి, కారు డిక్కీలో పెట్టి, దారిలో పూలు కొనడానికి పది నిమిషాలు ఆగాను. నెల ఏప్రిలే. దించి చూస్తే డబ్బాలో ఒకటే పెద్ద చాక్లెట్ ఉంది. ఇప్పుడు థర్మోకోల్ పెట్టెలో, అడుగున గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాక్ పెట్టి, నా ఒళ్లో పెట్టుకుని వెళ్తాను.

ఇక మీ నలభై మంది లెక్క. ఒక్కొక్కరికి రెండు చొప్పున ఎనభై ముద్దలు, అంటే పైన చెప్పిన కొలతకు నాలుగు రెట్లు: చాక్లెట్ 800 గ్రాములు, గింజలు 600. అయితే అందులో ఒక మార్పు చేయమంటాను. వేరుశెనగ పడని పిల్లలు ఒకరిద్దరు ఉండవచ్చు, తల్లిదండ్రులను ముందే అడగండి. ఎవరైనా ఉన్నారని తెలిస్తే మొత్తం మరమరాలతోనే చేసేయండి, విడిగా రెండు రకాలు చేసి గరిటెలు కలిసిపోయే గొడవ ఉండదు. 200 గ్రాముల చాక్లెట్‌కు మరమరాలు 50 గ్రాములు సరిపోతాయి, కానీ ముందు మూకుట్లో నూనె లేకుండా కరకరలాడేలా వేయించి చల్లార్చాలి. మెత్తబడిన మరమరాలు వేస్తే నమిలినప్పుడు అట్టముక్కలా ఉంటుంది. మరమరాలవి చిన్నగా, తేలిగ్గా వస్తాయి కాబట్టి ఒక్కొక్కరికి మూడేసి పెట్టుకోండి. ఒక రోజు ముందు చేసి పెట్టుకుంటే చాలు. కరకర పోకుండా ఉండాలంటే చాక్లెట్ ప్రతి గింజకూ పట్టిందో లేదో చూసుకోండి.